కంటికి రెప్ప, రెప్పకు చర్మం



“కంటికి రెప్పలా కాపాడుకో” అనే మాట మీరు ఎన్నోసార్లు వినే ఉంటారు. తల్లి బిడ్డను కంటికి రెప్పలా చూసుకుంటుంది అంటాం. రైతు పైరును కంటికి రెప్పలా కాపాడుతాడు అంటాం. మన పెద్దలు ఈ పోలికను ఊరకే చెప్పలేదు. కంటిలో నలుసు పడబోయినా, ఈగ వాలబోయినా, ఎవరూ ఆజ్ఞాపించకుండానే రెప్ప టక్కున మూసుకుంటుంది. మనం నిద్రపోతున్నప్పుడు కూడా అది తన కాపలా మానదు.

అయితే కన్నును కాచే ఆ రెప్పకే ఆపద వస్తే ఏమవుతుంది? రెప్ప కన్నును అంటిపెట్టుకొని ఉండక, వెలుపలికి తిరిగిపోతే కన్ను గతి ఏమిటి? ముఖం మీద కాలిన గాయమో, కోత గాయమో మానిన తరువాత కొందరికి ఈ కష్టం వస్తుంది. గాయం మిగిల్చిన మచ్చ రెప్పను లాగి బయటికి తిప్పివేస్తుంది. రెప్ప ఇలా వెలుపలికి తిరగడాన్ని వైద్యులు ‘ఎక్ట్రోపియాన్’ అంటారు. అది గ్రీకు మాటల నుండి వచ్చిన పేరు. ‘బయటికి తిరగడం’ అని దాని అర్థం.

ఈ కష్టాన్ని గురించి, దానిని ఎదుర్కొన్న మనుషులను గురించి అమెరికా సంయుక్త రాష్ట్రాల చరిత్రలో తెలుసుకోదగిన సంగతులు చాలా ఉన్నాయి. ముందుగా రెప్ప ఎలా పనిచేస్తుందో చూద్దాం. తరువాత ఆ దేశానికి వెళదాం.

రెప్ప చేసే పని

మన ఒంటి మీద ఉన్న చర్మమంతటిలో కనురెప్ప చర్మమే పలుచనిది. దాని మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అంత పలుచగా ఉండబట్టే అది రోజుకు వేలసార్లు మడతపడి, మళ్ళీ విప్పుకోగలుగుతున్నది.

రెప్పకు రెండు వరుసలు ఉన్నాయని అనుకోండి. ముందు వరుసలో చర్మం, దాని కింద కంటి చుట్టూ వలయంలా అమరిన కండరం ఉంటాయి. రెప్పను మూసేది ఈ కండరమే. వెనుక వరుసలో రెప్పకు బిగువునిచ్చే పలక వంటి గట్టి కణజాలం, దానికి లోపలి వైపున ఎర్రగా, తడిగా ఉండే కంటిపొర ఉంటాయి. గోడకు వెలుపల ఒక పూత, లోపల ఒక పూత ఉన్నట్లే రెప్పకు ఈ రెండు వరుసలూ ఉన్నాయి. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. ముందు ముందు దీనితో పని ఉన్నది.

కంటికి పైన, బయటి మూల వైపున అశ్రుగ్రంథి ఉంటుంది. ఏడ్చినప్పుడే కాదు, మామూలుగా కూడా కంటిలో కొద్దికొద్దిగా కన్నీరు ఊరుతూనే ఉంటుంది. మెలకువగా ఉన్నప్పుడు మనం నిమిషానికి సుమారు పదిహేనుసార్లు రెప్పలార్పుతాం. రెప్పవాల్చిన ప్రతిసారీ ఆ తడి కంటి మీద సమంగా పరచుకుంటుంది. వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లినట్లు రెప్ప ఒకే కదలికలో దుమ్మును తుడిచి, తడిని పూస్తుంది.

మరి వాడిన కన్నీరు ఎక్కడికి పోతుంది? చేతులు శుభ్రంగా కడుక్కొని అద్దం ముందు నిలబడండి. కింది రెప్పను వేలితో మెల్లగా కొంచెం కిందికి జరపండి. ముక్కు వైపు మూలలో, రెప్ప అంచు మీద, సూదిమొన అంత రంధ్రం ఒకటి కనిపిస్తుంది. అదే కన్నీటి తూము. కంటిలోని తడి ఆ తూము గుండా సన్నని గొట్టంలోకి, అక్కడి నుండి ముక్కులోకి పోతుంది. ఏడ్చినప్పుడు ముక్కు కూడా కారేది ఇందువలననే. ఈ తూము కన్నీటిని పీల్చుకోవాలంటే అది కంటికి ఆనుకొని ఉండాలి. చెరువుకు దూరంగా తూము కట్టి ఏమి లాభం?

మచ్చ ఎటు ఉంటే రెప్ప అటు

చర్మం లోతుగా గాయపడితే, పోయిన చర్మం పోయినట్లే తిరిగి రాదు. ఆ ఖాళీని శరీరం గట్టి నారవంటి పదార్థంతో పూడుస్తుంది. దానినే మచ్చ అంటాం. మచ్చకు ఒక స్వభావం ఉన్నది. అది ఏర్పడిన తరువాత కొన్ని నెలలపాటు ముడుచుకుంటూ, తన చుట్టూ ఉన్న చర్మాన్ని తన వైపుకు లాగుతుంది. పచ్చి తోలును డప్పుకు బిగించి ఎండనిస్తే అది ఎలా బిగుసుకుంటుందో మీరు చూసి ఉంటారు. మచ్చ కూడా అలాగే బిగుసుకుంటుంది.

ఒక చిన్న ప్రయోగం చేయండి. పలుచని కాగితం ముక్క తీసుకొని, ఒక వైపున మాత్రమే చిక్కని జిగురు పూయండి. తడి తగలగానే కాగితం కొంచెం ఇటూ అటూ వంగవచ్చు. దానిని కదపకుండా ఆరనివ్వండి. జిగురు ఎండి ముడుచుకునే కొద్దీ కాగితం జిగురు ఉన్న వైపుకే చుట్టుకుంటుంది. రెండవ వైపున పూస్తే ఆ వైపుకు చుట్టుకుంటుంది.

రెప్ప కూడా ఆ కాగితం వంటిదే. రెప్పకు బయటి వైపున, అంటే చర్మం మీద మచ్చ పడితే రెప్ప బయటికి తిరుగుతుంది. లోపలి వైపున, అంటే కంటిపొర మీద మచ్చ పడితే రెప్ప లోపలికి తిరుగుతుంది. లోపలికి తిరగడాన్ని ‘ఎంట్రోపియాన్’ అంటారు. రెండు పేర్లూ దగ్గరగా ఉన్నా, రెండు కష్టాలూ ఒకదానికొకటి ఎదురు. మచ్చ ఎటు ఉంటే రెప్ప అటు. ఈ పాఠానికి ఇదే మూలసూత్రం.

మచ్చ రెప్ప మీదనే ఉండనక్కరలేదు. చెంప మీద పెద్ద మచ్చ ఉన్నా అది కింది రెప్పను కిందికి లాగగలదు. నుదుటి మీది మచ్చ పై రెప్పను పైకి లాగగలదు. అందుకే వైద్యుడు పరీక్షించేటప్పుడు రోగిని పైకి చూడమని, నోరు బాగా తెరవమని చెబుతాడు. నోరు తెరిచినప్పుడు చెంప చర్మం సాగుతుంది. చర్మం చాలక రెప్ప ఇంకా కిందికి జారితే, కారణం మచ్చేనని తెలుస్తుంది.

ముసలితనంలో రెప్ప వదులైపోయి కూడా బయటికి వాలవచ్చు. ముఖానికి పక్షవాతం వచ్చి, రెప్ప మూసే కండరం పనిచేయకపోయినా అలా జరగవచ్చు. ఆ రెండింటి చికిత్స వేరు. మచ్చ వలన వచ్చినదానిలో అసలు లోపం చర్మం చాలకపోవడం.

కంటికి వచ్చే కష్టాలు

బయటికి తిరిగిన రెప్పతో కన్నీటి తూము కంటికి దూరమవుతుంది. కన్నీరు లోపలికి పోలేక చెంప మీదికి కారుతుంది. మాటిమాటికీ తుడుచుకోవడం వలన చర్మం ఒరుసుకొని, రెప్ప మరింత కిందికి దిగుతుంది. ఎప్పుడూ లోపల ఉండవలసిన కంటిపొర గాలికి బయటపడి ఎర్రబడుతుంది, మందమవుతుంది.

వీటన్నిటికంటే పెద్ద ఆపద మరొకటి ఉన్నది. కంటిపాప ముందు అద్దంలా మెరిసే పారదర్శకమైన పొరను ‘కార్నియా’ అంటారు. మన పుస్తకాలలో దానినే ‘శుక్లపటలం’ అని రాస్తారు. లోపలికి పోయే వెలుగంతా దాని గుండానే పోవాలి. రెప్పలు పూర్తిగా మూసుకోకపోతే కార్నియా ఎండిపోతుంది. ఎండిన చోట పుండు పడుతుంది. పుండులో సూక్ష్మజీవులు చేరితే అది లోతుకు పోతుంది. మానినా అక్కడ తెల్లని మచ్చ మిగిలి చూపు మందగిస్తుంది. ఒక్కొక్కప్పుడు చూపు పూర్తిగా పోతుంది కూడా.

ఇందులో ఒక వింత ఉన్నది. మంట ముఖం మీదికి ఎగసినప్పుడు రెప్పలు క్షణంలో మూసుకుంటాయి. తాము కాలి, లోపలి కన్నును కాపాడుతాయి. ఆ రోజు కన్ను బాగానే ఉన్నదని అందరూ సంతోషిస్తారు. గాయం మానుతుంది, కట్లు విప్పుతారు, రోగి ఇంటికి వెళతాడు. కాని మచ్చ తన పని అప్పుడే మొదలుపెడుతుంది. వారాలు, నెలలు గడిచేకొద్దీ రెప్పను లాగుతూ పోతుంది. మంట చేయలేని హాని మచ్చ చేస్తుంది. కనుక ముఖం కాలినవారు గాయం మానింది కదా అని ఊరుకోరాదు. రాత్రి నిద్రలో కన్ను కొంచెం తెరుచుకొని ఉన్నా, కన్నీరు ఎడతెగక కారుతున్నా వెంటనే కంటి వైద్యునికి చూపించాలి.

రేవులో రెప్ప తిప్పి చూసినవారు

ఇప్పుడు అమెరికాకు వెళదాం. బయటికి తిరిగిన రెప్ప కథకు ముందు, దానికి ఎదురైన కథను, లోపలికి తిరిగిన రెప్ప కథను చూద్దాం. అప్పుడు మన సూత్రం చక్కగా బోధపడుతుంది.

న్యూయార్కు రేవులో ఎల్లిస్ ద్వీపం ఉన్నది. 1892 నుండి 1954 వరకు ఐరోపా మొదలైన ప్రాంతాల నుండి ఓడలలో వచ్చిన కోటికి పైగా జనం ఆ ద్వీపం గుండానే అమెరికాలో అడుగుపెట్టారు. అక్కడి వైద్యులు వరుసలో వచ్చేవారి కనురెప్పలను తిరగవేసి చూసేవారు. ఇందుకోసం కొందరు బూట్ల బొత్తాలు పెట్టుకునే కొక్కెం వంటి సాధనం వాడేవారు. ఆ పరీక్షకు పిల్లలూ పెద్దలూ ఎంతో భయపడేవారు.

వారు వెదికినది ‘ట్రకోమా’ అనే అంటువ్యాధిని. ట్రకోమా మళ్ళీ మళ్ళీ వస్తే రెప్ప లోపలి వైపున మచ్చలు పడతాయి. మచ్చ లోపల ఉన్నది కనుక రెప్ప లోపలికి తిరుగుతుంది. కనురెప్పల వెంట్రుకలు కార్నియాను ముళ్ళలా గీకి, చివరకు చూపు పోగొడతాయి. 1897లో అమెరికా ప్రభుత్వం ట్రకోమాను ప్రమాదకరమైన అంటువ్యాధిగా ప్రకటించింది. అది ఉన్నవారిలో చాలామందిని వచ్చిన ఓడలోనే వెనుకకు పంపివేసేవారు. ఇల్లూ పొలమూ అమ్ముకొని సముద్రం దాటి వచ్చిన కుటుంబం ఒక రెప్ప లోపలి గరుకుదనం వలన రెండుగా విడిపోయేది.

వ్యాధి పైనుండి వచ్చినవారిలోనే కాదు, ఆ దేశంలోనూ ఉన్నది. అపలేచియన్ కొండ ప్రాంతాల పేదలలోనూ, అమెరికా మూలవాసులలోనూ ట్రకోమా ఎక్కువగా ఉండేది. 1930ల చివరలో సల్ఫా మందులు, తరువాత యాంటీబయోటిక్ మందులు వచ్చి దానిని అదుపు చేశాయి. ఆ యాంటీబయోటిక్ మందులలో 1948లో వెలువడిన ఆరియోమైసిన్ ఒకటి. బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త దానిని కనుగొన్నది లెడర్లీ ప్రయోగశాలలో. ఆ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించినవారు మన భీమవరంలో 1895లో జన్మించి, అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మన దేశంలోనూ ట్రకోమా ఎందరికో చూపు పోగొట్టింది. దశాబ్దాల కృషి తరువాత, భారతదేశంలో అది ఇక ప్రజారోగ్య సమస్య కాదని 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

సూక్ష్మజీవి వలన వచ్చే మచ్చను మందుతో ముందే ఆపవచ్చు. కాని నిప్పు వలన వచ్చే మచ్చకు అటువంటి మాత్ర లేదు. పోయిన చర్మానికి బదులు చర్మమే కావాలి.

చర్మానికి అంటు

మామిడికి అంటు కట్టడం మీకు తెలుసు. చర్మానికి కూడా అలా అంటు కట్టవచ్చు. ఒక చోటి నుండి చర్మాన్ని తీసి, చర్మం చాలని చోట అతకడాన్ని ‘స్కిన్ గ్రాఫ్టింగ్’ అంటారు. 1875లో స్కాట్లండులోని గ్లాస్గోలో జాన్ రైస్‌బర్గ్ వుల్ఫ్ అనే కంటి వైద్యుడు, ముంజేతి చర్మాన్ని దాని పూర్తి మందంతో తీసి, కింద ఉన్న కొవ్వును తొలగించి, చెడిపోయిన కింది రెప్పకు అతికించిన విధానాన్ని ప్రకటించాడు. పూర్తి మందపు చర్మపు అంటును నేటికీ ‘వుల్ఫ్ గ్రాఫ్ట్’ అని పిలుస్తారు. ఒంటికంతటికీ ఉపయోగపడే ఒక గొప్ప పద్ధతికి ఇంత చిన్న రెప్ప ఒక మెట్టు అయింది.

ఈ శస్త్రచికిత్స ఎలా జరుగుతుందో చూడండి. మొదట మచ్చను కోసి, దాని లాగుడు వదిలించి, రెప్పను దాని చోటికి తిరిగి తెస్తారు. అప్పుడు చర్మం లేని ఖాళీ కనబడుతుంది. ఆ ఖాళీకి పై రెప్ప నుండి గాని, చెవి వెనుక నుండి గాని, కంటె ఎముక పై భాగం నుండి గాని చర్మం తెచ్చి అతుకుతారు. ఆ చోట్ల చర్మం పలుచగా, వెంట్రుకలు లేకుండా, రంగులో ముఖానికి దగ్గరగా ఉంటుంది. అంటు కూడా తరువాత కొంత ముడుచుకుంటుంది. కనుక ఖాళీ కంటే కొంచెం పెద్ద ముక్కే పెడతారు. బట్ట కుట్టేటప్పుడు ఉతికితే ముడుచుకుంటుందని దర్జీ కొంచెం ఎక్కువ గుడ్డ వదులుతాడు కదా, అలాగన్నమాట. తొలి రోజులలో అంటు తన కింది తడిని పీల్చుకొని బతుకుతుంది. కొద్దిరోజులలో కొత్త రక్తనాళాలు దానిలోకి పెరుగుతాయి. అంతవరకు రెప్ప కదలకుండా కుట్లతోనో, కట్టుతోనో బిగించి ఉంచుతారు.

మచ్చ మెత్తబడేవరకు కొన్ని నెలలు ఆగి శస్త్రచికిత్స చేయడం వాడుక. అంతవరకు కన్ను ఎండకుండా చుక్కల మందు, లేపనం వాడతారు. మచ్చను మర్దన చేయిస్తారు. అయితే కార్నియాకు ఆపద వస్తున్నదని తోస్తే ఆగరు. అందమా, చూపా అని తూచవలసి వస్తే చూపుకే మొదటి పీట.

కాలిన విమాన చోదకుడు

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమానాలు, పెట్రోలు పెరగడంతో కాలిన గాయాలూ పెరిగాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఫీనిక్స్‌విల్ వద్ద వేలీ ఫోర్జ్ జనరల్ హాస్పిటల్ అనే సైనిక వైద్యశాల ఉండేది. ముఖాలు చెదిరినవారిని, కళ్ళు దెబ్బతిన్నవారిని అక్కడికి తెచ్చేవారు.

అలా వచ్చినవారిలో చార్లెస్ వుడ్స్ ఒకడు. యువకుడైన విమాన చోదకుడు. ఆ రోజులలో మన దేశం నుండి హిమాలయాల మీదుగా చైనాకు సైన్యం కోసం విమానాలలో ఇంధనం చేరవేసేవారు. 1944 చివరలో అటువంటి విమానం బయలుదేరుతూ ప్రమాదానికి గురై మంటలలో చిక్కుకున్నది. వుడ్స్ ఒళ్ళు చాలా భాగం కాలింది. ముఖం, చేతులు ఘోరంగా దెబ్బతిన్నాయి. తన ఒంటి మీద అంటుకు తీసుకోదగిన చర్మం కూడా చాలినంత మిగలలేదు.

అతనికి చికిత్స చేసినవారిలో జోసెఫ్ మర్రే అనే యువ వైద్యుడు ఉన్నాడు. చనిపోయినవారి చర్మాన్ని తాత్కాలికంగా కప్పి, వుడ్స్ ప్రాణం నిలిపారు. ఎరువు తెచ్చిన ఆ చర్మం ఎల్లకాలం నిలవదు. శరీరం దానిని పరాయిదని గుర్తించి కొన్ని వారాలలో తోసివేస్తుంది. ఆ వ్యవధిలో వుడ్స్ సొంత చర్మాన్ని కొద్దికొద్దిగా తీసి అతికారు. పలుమార్లు శస్త్రచికిత్స చేసి ముఖాన్ని, చేతులను తీర్చిదిద్దారు.

మర్రే మనసులో ఒక ప్రశ్న నాటుకున్నది. శరీరం పరాయి చర్మాన్ని ఎందుకు తోసివేస్తున్నది? ఆ వైద్యశాలలో పెద్దవాడైన జేమ్స్ బారెట్ బ్రౌన్ 1937లోనే ఒక సంగతి చూపించాడు. ఒకే పోలికతో పుట్టిన కవలల మధ్య చర్మం మార్చితే అది నిలిచింది. మర్రే ఈ దారినే ముందుకు నడిచాడు. 1954 డిసెంబరు 23న బోస్టన్ నగరంలో కవల సోదరులలో ఒకరి మూత్రపిండాన్ని మరొకరికి అమర్చి విజయం సాధించాడు. జయప్రదమైన మూత్రపిండ మార్పిడికి అదే నాంది. అందుకు 1990లో ఆయనకు డొనాల్ థామస్‌తో పాటు వైద్యంలో నోబెల్ బహుమతి లభించింది. కాలిన మనిషి ముఖం మీద అతికిన చర్మం దగ్గర పుట్టిన ప్రశ్న ఎంత దూరం ప్రయాణించిందో చూశారా!

మచ్చ పడకుండా కాపాడుకోవడం

అమెరికాలో మరొక కారణం వలన కూడా రెప్పలు తిరగడం చూస్తారు. తెల్లని చర్మం గలవారికి ఎండ వలన ముఖం మీద చర్మపు కాన్సరు రావడం అక్కడ ఎక్కువ. రెప్ప దగ్గర వచ్చిన గడ్డను తీసివేసినప్పుడు మిగిలే మచ్చ రెప్పను లాగవచ్చు. అందుకే టోపీ, చలువ అద్దాలు వాడమని అక్కడి వైద్యులు చెబుతారు.

అయితే పిల్లలకు మొదటి శత్రువు నిప్పే. 1940లలో అక్కడ త్వరగా అంటుకునే బొచ్చు గుడ్డతో కుట్టిన వేషాల దుస్తులు తొడుక్కొని పిల్లలు కాలిపోయిన దుర్ఘటనలు జరిగాయి. దానితో 1953లో అటువంటి గుడ్డలను అరికట్టే చట్టం వచ్చింది. 1967లో దానిని సవరించి బలపరిచారు. 1970లలో పిల్లల రాత్రి దుస్తులకు ప్రత్యేక నియమాలు పెట్టారు. 1960లలో ష్రైనర్స్ అనే సేవాసంఘం గాల్వెస్టన్, సిన్సినాటి, బోస్టన్ నగరాలలో కాలిన పిల్లల కోసమే వైద్యశాలలు నెలకొల్పింది. బట్టలు అంటుకుంటే “ఆగు, పడుకో, దొర్లు” అని అక్కడి బడులలో పాఠంలా నేర్పుతారు. ఈ మూడు మాటలూ మీరూ కంఠస్థం చేయండి. పరుగెత్తితే గాలి తగిలి మంట పెరుగుతుంది. ఆగి, నేల మీద పడుకొని, రెండు చేతులతో ముఖం కప్పుకొని దొర్లితే మంట ఆరుతుంది.

అమెరికాలో జూలై 4న స్వాతంత్ర్య దినానికి బాణసంచా కాలుస్తారు. మనకు దీపావళి. పండుగ వేరైనా గాయాలు ఒకటే. చిన్నపిల్లల చేతికి ధైర్యంగా ఇచ్చే కాకరపువ్వొత్తి కొన వేడి వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. కనుక ఈ జాగ్రత్తలు పాటించండి:

చిచ్చుబుడ్డి మీదికి ముఖం వంచి వెలిగించకండి. చేయి చాచి, పక్కకు నిలబడి వెలిగించండి.

పేలని బాంబును దగ్గరకు పోయి చూడకండి, ఊదకండి.

వేలాడే బట్టలు, నైలాను బట్టలు తొడుక్కోకండి. పక్కన బకెట్టు నిండా నీళ్ళు ఉంచుకోండి.

ఒళ్ళు కాలితే వెంటనే చల్లని నీటి ధార కింద ఇరవై నిమిషాలు ఉంచండి. మంచుగడ్డ పెట్టకండి. సిరా, పళ్ళపొడి, కాఫీపొడి, పసుపు, నెయ్యి ఏదీ పూయకండి. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి వెళ్ళండి.

మరొక మాట. మన ఇళ్ళలో తాంబూలం సున్నం ఉంటుంది. అది కంటిలో చిందితే రెప్ప లోపలి వైపునూ, కార్నియానూ కాలుస్తుంది. సున్నం పొట్లాలతో, డబ్బీలతో ఎన్నడూ ఆడకండి. పొరపాటున పడితే కన్ను నలపకుండా, వెంటనే ఇరవై నిమిషాలు తగ్గకుండా మంచినీటితో కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి. డాక్టరు దగ్గరకు వెళ్ళాక కడుగుతారులే అని ఆలస్యం చేయరాదు.

ఇప్పుడు ఈ చికిత్స కోసం సముద్రం దాటనక్కరలేదు. హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉన్నది. విశాఖపట్నంలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉన్నది. అమెరికాలో పనిచేసి తిరిగివచ్చిన డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో హైదరాబాదులో ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్యసంస్థను స్థాపించారు. పైకం కట్టలేనివారికి అక్కడ ఉచితంగా చికిత్స చేస్తారు.

చూసేవారి చూపు

ఇంతవరకు చూపు పోకుండా కాపాడుకోవడం గురించి చెప్పుకున్నాం. ఇప్పుడు మన చూపు ఎలా ఉండాలో కూడా చెప్పుకుందాం.

అమెరికాలోని షికాగో నగరంలో 1881లో ఒక శాసనం చేశారు. రోగంతోనో, అంగవైకల్యంతోనో చూడడానికి వికారంగా ఉన్నవారు వీధులలో, బహిరంగ స్థలాలలో కనబడరాదని ఆ శాసనం చెప్పింది. కాలిన ముఖం గలవాడు వీధిలోకి రావడమే నేరమన్నమాట! ఆ శాసనాన్ని రద్దు చేసింది 1974లో. 1990లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. రూపం చెడినదన్న కారణంతో ఒకరిని ఉద్యోగం నుండి, బడి నుండి దూరం చేయడానికి వీలు లేకుండా పోయింది.

చార్లెస్ వుడ్స్ తన ముఖాన్ని దాచుకోలేదు. యుద్ధం తరువాత అలబామా రాష్ట్రంలో వ్యాపారం చేసి పైకి వచ్చాడు. పదిమంది ముందుకు వచ్చి ఎన్నికలలో నిలబడ్డాడు. 1992లో దేశాధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిత్వం కోసం కూడా పోటీ చేశాడు. గెలుపు ఓటములు అటుంచండి. మచ్చల ముఖంతో జనం ఎదుట నిలిచి, నా మాట వినండి అనడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

మీ ఊరిలోనో, మీ తరగతిలోనో రెప్ప తిరిగిన కన్నుతో ఎవరైనా ఉండవచ్చు. వారి కంట కారేది ఏడుపు కాదు, దారి తప్పిన కన్నీరు. ఇది అంటువ్యాధి కాదు. ఎవరి శాపమూ కాదు. దానిని చూసి నవ్వకండి, భయపడకండి, కనిపించనట్లు ముఖం తిప్పుకోకండి. అందరితో మాట్లాడినట్లే వారితో మాట్లాడండి. ఇంకా వైద్యం చేయించుకోకపోతే, “దీనికి మందున్నది, రండి చూపిద్దాం” అని వారి పెద్దలకు చెప్పించండి. రెప్ప కన్నును కాచినట్లు, తోటివారిని కాచుకోవడం మన పని.

అభ్యాసం

1. రెప్పకు గల రెండు వరుసలను గురించి మీ సొంత మాటలలో రాయండి.

2. ‘మచ్చ ఎటు ఉంటే రెప్ప అటు’ అనే మాటను ఎల్లిస్ ద్వీపం పరీక్షతో, కాలిన గాయాలతో పోల్చి వివరించండి.

3. కాలిన గాయం మానిన తరువాత కూడా కంటి వైద్యునికి ఎందుకు చూపించుకోవాలి?

4. జిగురు, కాగితం ప్రయోగం చేసి, మీరు చూసినది అయిదు వాక్యాలలో రాయండి.

5. 1881 నాటి షికాగో శాసనం తప్పని మీరు ఎలా వాదిస్తారు? తరగతిలో మాట్లాడండి.